ఒంపు తీసేసిన కొక్కేలు

మా అమ్మ గాలపు కొక్కేన్ని చేతిలోకి తీసుకున్న తీరు చూసి నేను తెరిచిన నోరు ఇన్నేళ్ళయినా పూర్తిగా మూతపడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆమె చేతి అన్నం తిన్నవాణ్ణి. ఆమె గురించి నాకు తెలియనిది ఏముంటుందిలే అనుకుని బతికినవాణ్ణి. నా మొహం, నాకేమీ తెలియదు.

ధర్మవరానికి నాలుగు మైళ్ళ అవతల మా ఊరు. పట్టుచీరలు నేసే ఇల్లు మాది. రెండు మగ్గాలు, ఒకటి నాయనది, ఒకటి నాది. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, అంటే పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు పట్టుదారం ఎక్కించేది. ఇంట్లోకి మాంసం రాదు, చేప రాదు, కోడిగుడ్డు కూడా రాదు. మా తాత ఎవరో స్వామి దగ్గర ఉపదేశం తీసుకున్నప్పటి నుంచీ అంతే. దానికి తోడు పట్టుకు వాసన ఇట్టే అంటుకుంటుందని మా అవ్వ, అంటే నాయన తల్లి, గట్టిగా నమ్మేది. దారం ముట్టుకునే ముందు నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని మూడుసార్లు కడుక్కోవాలి. అవ్వ పోయి పదైదేళ్ళు దాటినా ఆ పద్ధతి మాత్రం పోలేదు, నాయన పోనివ్వలేదు. పొద్దున లేస్తే ఆయన నోట వచ్చే మొదటి మాట "చేతులు కడిగినావా?" అన్నదే.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో ఒక చలికాలం, అమ్మకు అనంతపురంలో గర్భసంచి ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికి తెచ్చిన తర్వాత ఆమె తిండి మానేసింది. అలిగి కాదు, కోపం వచ్చి కాదు. ముద్ద నోట్లో పెట్టుకుంటుంది, నములుతుంది, మింగలేక పక్కకు ఉమ్మేస్తుంది. మజ్జిగ రెండు గుక్కలు, అంతే. గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఇరవై రోజులు గడిచేసరికి చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. కుట్టు ఒక మూల మానకుండా చెమ్మగానే ఉంది. పరీక్షకు తీసుకుపోతే డాక్టరమ్మ కుట్టు చూసి, అమ్మను చూసి, నన్ను బయటికి పిలిచింది. తిండి లోపలికి పోకపోతే పుండు మానదని, చీము పడితే మళ్ళీ కోయాల్సి వస్తుందని, ఈ వంట్లో రెండో కోత తట్టుకునే శక్తి లేదని చెప్పింది. ఆమె మెల్లగానే చెప్పింది. నేను గోడకు ఆనుకుని విన్నాను.

వరండాలో తుడుస్తున్న ఆయా ఆ మాటలన్నీ వింది. "కొరమీను పులుసు పెట్టప్పా," అంది. "కోసిన పుండుకు దాన్ని మించిన మందు లేదు. నాలుగు దినాల్లో లేసి కూచుంటాది."

మేము తినమమ్మా అన్నాను. ఆయా నన్ను ఎగాదిగా చూసి, "తినేదానికి కాదప్పా, బతికేదానికి," అనేసి చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

బస్సులో కూర్చున్నంత సేపూ ఆ మాటే తిరిగింది. ధర్మవరం దిగేసరికి నిర్ణయం అయిపోయింది. చేప ఎక్కడో వండించి, కషాయమని చెప్పి అమ్మ చేత తాగిస్తాను. తప్పో ఒప్పో తర్వాత చూసుకుందాం, మనిషి ముందు మిగలాలి. అయితే బజారులో కొందామంటే దొరికేది ఐసు పెట్టెల్లో వచ్చిన రోహు, కట్ల. కొరమీను ఎప్పుడో ఒకనాడు వస్తుంది. పైగా నేను చేపల అంగడి ముందు నిలబడితే, నేను ఇల్లు చేరేలోపల ఆ కబురు మా నాయన మగ్గం దగ్గరికి చేరిపోతుంది. అందుకని నేనే పట్టాలి అనుకున్నాను. గాలం అనేది అంతకుముందు చేత్తో ముట్టనైనా ముట్టనివాణ్ణి.

మా చెరువు ఐదారేళ్ళు నెర్రెలిచ్చి ఎండిపోయి, లోపలంతా సర్కారు తుమ్మ అడవిలాగా పెరిగింది. ఆ ఏడు ఎన్నడూ లేనట్టు వానలు కురిసి, పై చెరువు నిండి మరవ మీదుగా పొర్లి, మాదీ నిండింది. తుమ్మచెట్లు ఎక్కడివి అక్కడే నీళ్ళలో నిలబడిపోయాయి. పై నుంచి కొట్టుకొచ్చిన కొరమీన్లు ఆ కంపల మధ్యనే కాపురం పెట్టాయి. వల వేస్తే చిరిగిపోతుంది. గాలం వేస్తే కంపకు తగులుకుంటుంది. అందుకే ఊళ్ళో ఎవరికీ ఆ చేప దొరికేది కాదు.

నాకొక స్నేహితుడు ఉండేవాడు, బెంగుళూరు నుంచి ముడిపట్టు తెచ్చే వ్యాను నడిపేవాడు. వాడికి విషయం చెప్పాను. వాడు వ్యాను సీటు కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. ఎవరో తెల్లదొర బాడుగకు ఎక్కి మర్చిపోయి దిగిపోయాడట. అందులో రబ్బరు వానపాములు ఉన్నాయి. జానెడు పొడవు, వంకాయ రంగు, ఒళ్ళంతా మెరుపు చుక్కలు. ముట్టుకుంటే మెత్తగా వేలికి చుట్టుకుంటాయి. వాటికి సోంపు వాసన. చేపకు సోంపు ఎందుకురా అంటే, "దొరల చేపలు అన్నం తిన్నాక వక్కాకు బదులు అదే తింటాయేమో," అన్నాడు వాడు.

ఆ కవర్లోనే కొక్కేలు ఆరు ఉన్నాయి. మూడు సైజులు, ఒక్కో సైజుకు రెండు. ఆరింటికీ మెడ దగ్గర ఒక ఒంపు ఉంది. దారం కట్టే కన్ను నుంచి తీగ తిన్నగా కొంచెం దిగి, మెట్టు దిగినట్టు పక్కకు మళ్ళి, మళ్ళీ కిందికి పోయి, అక్కడ మామూలు కొక్కెంలాగా తిరిగింది. సీటు కింద నలిగి వంగిపోయాయి అనుకున్నాను. ఆరూ ఒకేచోట, ఒకేలాగా ఎట్లా నలుగుతాయి అని ఆలోచించాల్సింది. ఆలోచిస్తే ఇంత కథే ఉండేది కాదు.

ఇంటికి తెచ్చి, నాయన చూడకుండా, పట్టకారు తీసుకుని ఒంపులు తీసేశాను. ఇది నేత పనివాడు తప్ప ఇంకొకడు చేయని పని. పడుగు దారాలు దూరే పన్నెలో సన్నని తీగ పళ్ళు వందలకొద్దీ ఉంటాయి. ఒక్క పన్ను వంగినా చీర పొడుగునా గీత పడుతుంది. అందుకని వంగిన తీగ కనపడితే మా చేతులు మమ్మల్ని అడగకుండానే దాన్ని తిన్నగా చేసేస్తాయి. పదేళ్ళ వయసు నుంచీ నాయన నాకు నేర్పింది అదే. పెద్దవి రెండు, నడిమివి రెండు, నాలుగింటినీ సూదిలాగా సాపు చేశాను. చిన్నవి రెండు పట్టకారుకు చిక్కలేదు కాబట్టి బతికిపోయాయి. ఎంత బాగా చేశానో అని దీపం ముందు పెట్టి చూసుకుని మురిసిపోయాను కూడా.

మరునాడు పొద్దున్నే చెరువుకు పోయాను. రబ్బరు పాముకు పెద్ద కొక్కెం గుచ్చి, నైలాను దారం కట్టి విసిరాను. లాగేసరికి పాము కొక్కెం మెడ నుంచి జారి, అడుగున కుప్పపడింది. మొన బయటికి వచ్చి తుమ్మ కొమ్మను పట్టుకుంది. అరగంట గుంజితే దారం తెగింది. కొక్కెం పోయింది, పాము పోయింది. రెండో రోజు రెండో పెద్ద కొక్కెం తీసుకుపోయాను. ఆ రోజు కొరమీను నిజంగానే పట్టింది. నీళ్ళలో పెద్ద సుడి లేచింది. గుంజాను. దారం ఊరికే తేలిపోయి వచ్చింది. చేప పామును చీర విప్పుకున్నట్టు విప్పుకుని పోయింది, బోడి కొక్కెం నాకు మిగిలింది. గట్టు మీద కూలబడి ఆ చేపను, దొరను, నా స్నేహితుణ్ణి, ఆ ఆయాను అందరినీ తిట్టాను. తిట్టడం అయ్యాక ఏడుపొచ్చింది. ఇంట్లో అమ్మ ఆ పొద్దు మజ్జిగ కూడా వద్దంది.

ఇంటికి వస్తే నాయన ముందుగదిలో మగ్గం చప్పుడు మధ్య ఉన్నాడు. కవరు చొక్కా లోపల దాచుకుని, ఆమెను చూద్దామని మంచం పక్కన కూర్చున్నాను. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఒక్కసారి ఇటు తిరిగింది.

"సోంపు వాసన వస్తాంది. యాడిది?"

కిళ్ళీ వేసుకున్నానని అబద్ధం చెప్పాను. ఆమె నా చేతి వేళ్ళ వంక చూసింది. కంప గీరిన గీతలు, నైలాను దారం కోసిన గుర్తు వేళ్ళ నిండా ఉన్నాయి.

"గాలం ఏసినావా?"

మా ఇంట్లో గాలం అన్న మాట అంతకుముందు ఎవరి నోటా వినలేదు. ఆమె దుప్పట్లోంచి చెయ్యి బయటికి చాపింది. ఇయ్యి అన్నట్టు వేళ్ళు ఆడించింది. ఎందుకో తెలియదు, మంత్రం వేసినట్టు కవరు తీసి ఇచ్చేశాను. ఆమె ఒక కొక్కెం బయటికి తీసింది. భయం భయంగా కాదు, గాజుముక్కను పట్టుకున్నట్టు కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాని వీపును పట్టుకుని, మొనను ఎడమ బొటనవేలి గోరు మీద పెట్టి, కొంచెం లాగింది. మొన గోరు మీద జారకుండా నిలిచింది. తల ఊపింది. పదునుందని ఆ ఊపుకు అర్థం. వేలికి సూది గుచ్చుకుంటేనే విలవిల్లాడే మా అమ్మేనా ఈమె అనిపించింది.

తర్వాత ఆమె చిన్న కొక్కెం తీసి, పెద్దది పక్కన పెట్టి చూసింది. ముఖం చిట్లించింది.

"చిన్నదాని మెడకు ఒంపుండాది. దీనికి లేదే. ఎవడురా తీసినోడు?"

"నేనే. వంగిపోయింటే సాపు చేసినా."

"ఓరి నీ తెలివి తెల్లారా," అంది అమ్మ. ఇరవై రోజుల్లో ఆమె గొంతు అంత గట్టిగా లేవడం అదే మొదలు. "ఆ ఒంపు పెట్టేదానికి మా నాయన కొలిమి కాడ పొద్దంతా కూచునేవాడు. నువ్వు పట్టకారు పెట్టి తీసేస్తివా?"

అమ్మ పుట్టిల్లు గుమ్మఘట్ట అవతల, కన్నడ సీమ అంచున. అక్కడ రిజర్వాయరు ఉంది. అంతవరకే నాకు తెలుసు. ఆ రోజు మంచం మీద పడుకుని ఆమె మిగతాది చెప్పింది. మగ్గం పని లేని నెలల్లో వాళ్ళ నాయన గాలం వేసేవాడట. నీళ్ళలో మునిగిన చెట్ల మధ్య కొరమీన్లు ఉండేవట. కప్పను ఎరగా గుచ్చేవాడట. కప్ప జారకుండా కొక్కెం మెడను తానే మెట్టులాగా వంచేవాడు, కొమ్మకు తగలకుండా మొనను కప్ప పొట్టలోనే దాచేవాడు. చేప నోరు మూసినప్పుడే ఆ మొన బయటికి రావాలి. పన్నెండు పదమూడేళ్ళ వయసుకు అమ్మ ఆ పని వాళ్ళ నాయన కంటే బాగా చేసేదట. అక్కడ మగపిల్లలే ఈమెను అడిగి కొక్కెం ఏరుకునేవాళ్ళట.

నేను వింటూ ఆమె ముఖం చూస్తున్నాను. నాకు కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. ఎవరి మీదో తెలియని కోపం. పక్కనే పడుకుని ఉన్న ఈ మనిషి లోపల ఇంకొక మనిషి ఇన్నేళ్ళు నోరు మూసుకుని కూర్చుందా అనిపించింది.

అమ్మ లేచి కూర్చుంది. దిండు ఒడిలో పెట్టుకుని, దాని మీద కొక్కేలు వరసగా పేర్చింది. రబ్బరు పామును ఒక్కొక్కదాని పక్కన ఆనించి చూసింది. చిన్న కొక్కేనికీ పాముకూ మధ్య సందు లేదు. "ఇది పనికిరాదు. పాము వొళ్ళే సందునంతా నింపేస్తాది. ఇంగ మొన యాడికి వస్తాది, చేప నోట్లో ఎట్ల నాటుతాది?" పెద్దదాన్ని పక్కకు నెట్టింది. తీగ లావు, మెత్తని పామును చీల్చేస్తుందట. నడిమిదాన్ని ఆనించినప్పుడు పాము లావు ఎంతో, ఖాళీ సందు కూడా ఇంచుమించు అంతే ఉంది. "ఇది సరిపోతాది. ఒంపు మళ్ళీ పెట్టల్ల."

అదెంత పని అనుకుని పట్టకారుతో నడిమిదాన్ని పట్టి వంచాను. ఆమె ఆగరా అనేలోపలే టక్కుమని విరిగింది. ఇక నడిమిది ఒక్కటే మిగిలింది. అమ్మ తిట్టలేదు. పొయ్యిలోని బొగ్గులు పళ్ళెంలో తెమ్మంది. మంచం మీద కూర్చునే, కొక్కెం మెడను మాత్రం నిప్పుల మీద పెట్టి ఎర్రబడనిచ్చి, రెండు పట్టకార్లతో మెల్లగా ఒక మలుపు, మళ్ళీ ఎదురు మలుపు తిప్పింది. వెంటనే శెనక్కాయ నూనె గిన్నెలో ముంచింది. చుయ్యిమంది. నూనెలోంచి తీసి తుడిస్తే దొర కవర్లో ఉన్న ఒంపే. చేతులు వణుకుతున్నాయి, నుదుటి మీద చెమట పట్టింది, కానీ ఆ రెండు మలుపుల దగ్గర మాత్రం చెయ్యి వణకలేదు.

"రేపు పట్టుకొస్తానులేమ్మా," అన్నాను. "వండిస్తా. నాయనకు తెలీనియ్యను. నీకు పులుసు పోస్తే..."

"నాకు పులుసు వద్దు."

"మరి?"

"నన్ను తీసకపో."

ఆ మాటకు నిజంగా భయపడ్డాను. కుట్టు మానని మనిషి, తిండి లేని మనిషి. పిచ్చిగానీ పట్టిందా అన్నాను. అమ్మ కొక్కేన్ని పమిట కొంగుకు తుడుస్తూ మాట్లాడింది. "ఆపరేషన్ బల్ల మీద మత్తు దిగుతాంటే నా చేతిలో దారం గుంజినట్టాయె. చేప పట్టినట్టు. కండ్లు తెరిస్తే ఏమీ లేదు, తెల్లగోడ. అప్పట్నించీ ముద్ద గొంతు దిగల్యా. నేనేం చేసేదిరా."

మరునాడు కుట్టు చూపించుకోవాలని నాయనకు చెప్పాము. మగ్గం మీద చీర ఆ వారం దిగాల్సి ఉంది కాబట్టి ఆయన రాలేదు. స్నేహితుడు ఇంటి ముందుకే వ్యాను తెచ్చాడు. అనంతపురం దారి పట్టినట్టే పట్టి, ఊరు దాటగానే చెరువు కట్ట మీదికి తిప్పాడు.

కట్టకు కట్టిన రాళ్ళ మీద దుప్పటి మడిచి ఆమెను కూర్చోబెట్టాము. రబ్బరు పామును ఆమే గుచ్చింది. మొనను పాము తలలోకి కొంచెం దించి పక్కనుంచి తీసింది. పామును కొక్కెం మెడ దాకా జార్చింది. ఒంపు దగ్గర అది ఠక్కున ఆగింది. కొక్కేన్ని తిప్పి, మొనను మళ్ళీ పాము ఒంట్లోకి దించి, పైన తోలు అంచున దాచింది. వేలితో నిమిరింది. వేలికి ఏమీ తగలలేదు. నన్ను కూడా నిమరమంది, నాకూ తగలలేదు. పాము తిన్నగా, ఎక్కడా ముడత లేకుండా ఉంది.

కుట్టు లాగుతుందని విసరనివ్వలేదు. ఆమె వేలు చూపించిన చోటికి నేను విసిరాను. రెండు తుమ్మచెట్ల మధ్య, కొమ్మ పైకే పడింది. పోయిందిరా అనుకున్నాను. అమ్మ దారం అందుకుని, చూపుడువేలితో రవ్వంత కదిపింది. పాము కొమ్మ మీద పాకి, అవతలికి జారి, నీళ్ళలోకి దిగింది. ఏ ముల్లూ దాన్ని పట్టుకోలేదు. వ్యాను డ్రైవరు నా వంక చూశాడు. నేను వాడి వంక చూశాను.

నాలుగోసారి విసిరినప్పుడు దారం బిగిసింది. నేను అందుకోబోతే ఆమె నా చెయ్యి నెట్టేసింది. "ఆగు. మింగనీ." తర్వాత మెల్లగా, ఊపిరి పీల్చుకుంటూ లెక్క పెట్టింది, "ఒందు, ఎరడు, మూరు." మా ఇంట్లో ఆమె కన్నడలో లెక్క పెట్టగా నేను వినలేదు. మూరు అనగానే మణికట్టు ఒక్కసారి వెనక్కి తిప్పింది. నీళ్ళు పగిలాయి. "ఇంగ నువ్వు లాగు," అని దారం నాకు ఇచ్చి, తాను పొట్ట పట్టుకుని కూర్చుని, "వదులు, వదులు, ఇప్పుడు లాగు, కుడికి తిప్పు," అని చెబుతూ పోయింది. నా చేతులు ఆమె చెప్పినట్టు చేశాయి. మూరెడు కొరమీను రాళ్ళ మీదికి వచ్చి పడింది.

ఆమె దాని దవడ పట్టుకుని నోరు తెరిచి చూసింది. కొక్కెం పైపెదవి మూలలో నాటుకుని ఉంది. దాన్ని ఊడదీసి, చేప ఒంటి మీద అరచేయి పెట్టి కాసేపు ఉంచింది. ఆమె ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది. తర్వాత చేపను డ్రైవరుకు ఇచ్చేయమంది.

"అమ్మా, పులుసు," అన్నాను. ఇంత చేసి ఇప్పుడిదేంది అని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "దీని కోసమే గదా ఇదంతా. డాక్టరమ్మ ఏం చెప్పిందో తెలుసునా నీకు?"

"సాకురా, చాలు," అంది. "తిననని మాటిచ్చి మీ ఇంటికొచ్చినా. పట్టనని మాట నన్నెవరూ అడగల్యా." అని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, మామూలుగా, "ఆకలయితాంది," అంది.

నేను తప్పుగా విన్నానేమో అనుకున్నాను. కట్ట దిగగానే రోడ్డు పక్క బండి ఉంది. వేడి వేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పొట్లం కట్టించుకుని పరుగెత్తుకుంటూ వచ్చాను. బజ్జీ నాకిచ్చేసి ఉగ్గాని తింది. ఆ చేతులతోనే, చెరువు నీళ్ళలో ఒకసారి ముంచిన చేతులతో. ముద్ద దిగుతోందా అని ఆమె గొంతు వంకే చూస్తున్నాను. దిగింది. పొట్లం ఖాళీ చేసి ఇంకొంచెం ఉందా అని అడిగింది. నేను వ్యాను వెనక్కి పోయి నిలబడ్డాను, డ్రైవరు చూడకూడదని.

ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. నాయన మగ్గం దిగి గడప దగ్గర నిలబడ్డాడు. అమ్మ ఆయన పక్కనుంచి లోపలికి పోయింది. ఆయన ముక్కు ఎగిసింది. పట్టులో బతికిన ముక్కు అది, దాన్ని మోసం చేయలేం.

"ఏం వాసనిది?"

నేను ఆస్పత్రి, మందు, అంటూ ఏదో మొదలుపెట్టాను. అమ్మ అడ్డం వచ్చింది. "చేపది. చెరువుకు పోయింటిమి. నేనే పడితి." తర్వాత నిలబడలేక రాట్నం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, పుట్టింటి సంగతి, గాలం సంగతి, నాలుగు మాటల్లో చెప్పేసింది.

నాయన కోపిష్టి. ఇప్పుడు ఇల్లు ఎగిరిపోతుంది అనుకున్నాను. ఆయన మగ్గం గుంజను పట్టుకుని నిలబడ్డాడు. "ముప్పై ఏండ్లు. నాకెందుకు చెప్పల్యా?" అన్నాడు.

"పెండ్లయి వచ్చిన మూడో దినం మీయమ్మ నా రెండు చేతులు పట్టి వాసన చూసింది. కండె ముట్టుకోకముందర. ఆ తర్వాత ఆమె పోయేదాకా దినామూ చూసింది. కోడలు యాడన్నా చేప తిని వచ్చిందేమో అని. నువ్వు మగ్గం మీదనే ఉంటివి. నీ కండ్ల ముందరే."

నాయన ముఖంలో రక్తం లేదు. ఆ మనిషి అట్లా అయిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. "చేతులు కడిగినావో లేదో చూస్తాదనుకుంటి," అన్నాడు. నేనూ ఇంకేదో అనుకున్నాను చిన్నప్పుడు. అవ్వ అమ్మ చేతులు ముక్కు దగ్గర పెట్టుకోవడం దినామూ చూసినవాణ్ణే. ముద్దు చేస్తుంది అనుకున్నవాణ్ణి.

అమ్మ గోడ పట్టుకుని లేచింది. పెరటివైపు నడిచింది.

"యాడికి?" అన్నాడు నాయన.

"నిమ్మచెక్క ఉండాది. చేతులు కడుక్కోని వస్తా."

ఆయన నాలుగు అంగల్లో పోయి, పెట్టె మీద ఉన్న తెల్లపట్టు చిలప, అంటే మెలేసిన దారపు కట్ట, ఒకటి తీశాడు. పెళ్ళిచీరకు పెట్టుకున్న పట్టు. నన్ను కూడా ఉతికిన పంచె కట్టుకుంటే గానీ ముట్టుకోనివ్వని పట్టు. అమ్మ ఎదురుగా వచ్చి, ఆమె రెండు చేతులూ తెరిచి, వాటిలో పెట్టాడు.

"కండెలు అయిపోయినాయి. ఒకటి చుట్టియ్యి."

అమ్మ ఆ చిలప వంక, తన వేళ్ళ వంక చూసుకుంది. చేప జిగట ఆరి వేళ్ళ సందుల్లో తెల్లగా అంటుకుని ఉంది. ఆమె చేతులు దూరంగా పెట్టుకుంది.

"నీచు. పట్టుకు అంటుతాది."

"అంటనీ," అన్నాడు నాయన.

ఆయన పోయి మగ్గం మీద కూర్చున్నాడు, కానీ నాడె ముట్టుకోలేదు. అమ్మ మెల్లగా కూర్చుని, రాట్నం దగ్గరికి లాక్కుని, దారం కొస వెతుక్కుంది.